గీటురాయికి గీటురాయి

బందరు కాలువ ఒడ్డున ఒక ఊళ్ళో, పెంకుటింటి అరుగు మీద ఒక ఆచారిగారు కూర్చునేవారు. ముందు కుంపటి, పక్కన ఊదుగొట్టం, పట్టకారు, దాగలి, మూసలు. ఎడమచేతికి ఎప్పుడూ అందేలా అరచెయ్యంత నల్లరాయి. వాళ్ళ తాతగారి నాటి గీటురాయి అది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళలో ఎవరు నగ అమ్ముకోవాలన్నా, తాకట్టు పెట్టాలన్నా ముందు ఈ అరుగెక్కేవారు.

ఆయన నగని రాయి మీద ఒక్క గీత గీసేవారు. దాని పక్కనే, తోలుసంచిలోంచి తీసిన పుల్లతో ఇంకో గీత. ఆ పుల్లల కొసలకి వన్నె తెలిసిన బంగారం అతికించి ఉండేది, ఒక్కో పుల్లకి ఒక్కో వన్నె. రెండు గీతల రంగూ కలిసేదాకా పుల్లలు మార్చేవారు. అప్పటికీ అనుమానం తీరకపోతే ఆసిడ్ చుక్క. రాగి ఎక్కువున్న గీత ఆకుపచ్చగా మారి చెదిరిపోయేది. మంచి బంగారం గీత అలాగే ఉండేది. తర్వాత ఆయన ఒక్క మాట చెప్పేవారు. ఆ మాట మీద పెళ్ళిళ్ళు కుదిరేవి, పొలాలు తాకట్టు విడిపోయేవి.

ఆయన కూతురి కొడుకు పట్నంలో రెండేళ్ళు కాలేజీకి వెళ్ళి, మధ్యలో మానేసి తిరిగొచ్చాడు. డబ్బు చాలక కాదు. చదివిన ప్రతి పుస్తకమూ అంతకుముందు పుస్తకం చెప్పినదాన్ని కొట్టేస్తుంటే, చివరికి ఏ మాట మీదా కాలు నిలవని స్థితికి వచ్చాడు. రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు. అన్నం ముందు కూర్చుని ఎటో చూస్తుండేవాడు. అది వయసు సరదా కాదని తాతకి తెలుసు. అందుకే ఏమీ అడక్కుండా కుంపటి పక్కన చోటిచ్చారు. కుర్రాడి చెయ్యి మంచిది. ఆరునెలల్లో కన్ను కుదిరింది. గీత చూసి వన్నె పట్టేయడంలో తాతని మించాడని ఊళ్ళో అనుకునేవారు.

ఒకరోజు సాయంత్రం బొగ్గులు ఆరిపోతుండగా అడిగాడు.

"తాతయ్యా, బంగారం సంగతి రాయి చెబుతుంది. మరి రాయి సంగతి ఎవరు చెప్పారు?"

"పుల్లలు."

"పుల్లల సంగతి?"

"మా తాత పుటం పెట్టి చూశాడు."

"నిప్పు సంగతి?"

తాత ఊదుగొట్టం కింద పెట్టారు. "మంచి ప్రశ్నే. నీ వయసులో నాకూ వచ్చింది."

"మరి జవాబు దొరికిందా?"

"అంతలో ఎవరో ముక్కుపుడక పట్టుకొచ్చారు. చూసి పంపేసరికి పొద్దుపోయింది."

తాత దాటేస్తున్నారనుకున్నాడు మనవడు. లోపల కూడబెట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటపెట్టాడు. తూకానికి వాడే గురివింద గింజల్లో ఏ రెండూ సమానం కావన్నాడు. చిలకలపూడి పూతనగని పైపైన గీస్తే రాయి దాన్నీ బంగారమే అంటుందన్నాడు. అసలు బంగారానికి విలువేమిటి, కరువొచ్చిన రోజు గుప్పెడు నూకల ముందు అదెందుకు పనికొస్తుంది, అందరం ఉందనుకుంటున్నాం కాబట్టి ఉంది, అంతేగా అన్నాడు. "నేనీ అరుగు మీద కూర్చోవడం కూడా నేను కోరుకున్నది కాదు తాతయ్యా. ఈ ఇంట్లో పుట్టాను కాబట్టి కూర్చున్నాను. వేరే ఇంట్లో పుడితే వల పట్టుకునేవాణ్ణి. నాదంటూ ఏముంది ఇందులో?"

తాత అంతా విన్నారు. గీస్తే సరిపోని నగకి ఆకురాయి పెట్టి చిన్న గాటు కోసి చూస్తామని ఒక్క ముక్క చెప్పి ఊరుకున్నారు. ఆయనకి కళ్ళు మసకేసి చాన్నాళ్ళయింది. మర్నాడు బందరు వెళ్ళి చూపించుకోవాలి. "మూడ్రోజులు నువ్వే చూసుకో" అని పడుకున్నారు.

పొద్దున్నే తాతని బస్సెక్కించి, మనవడు చేపలకి వెళ్ళాడు. చేతితక్కెడతో తూస్తున్నారు. ముల్లు సూటిగానే ఉంది, అయినా చేపలు తగ్గినట్టు కంటికి తోచింది. "పళ్ళాలు మార్చి తూచు" అన్నాడు. రాయి ఇటు, చేపలు అటు పెట్టేసరికి తక్కెడ ఒక పక్కకి వాలిపోయింది. అమ్మేవాడు మాట్లాడకుండా ఇంకో రెండు చేపలు వేశాడు. కుర్రాడు సంచి ఊపుకుంటూ ఇంటికొచ్చాడు.

మధ్యాహ్నం ఒకావిడ వచ్చింది. యాభై దాటి ఉంటాయి. ఎండలో నడిచొచ్చినట్టుంది, అరుగు అంచున కూర్చుని కాసేపు ఊపిరి తీసుకుంది. కొంగుముడి విప్పితే అందులో నానుతాడు. నాలుగు కాసులది. కొడుక్కి ఆపరేషన్, వారంలో డబ్బు కట్టాలి.

"షావుకారు పద్నాలుగు కేరెట్లే అంటున్నాడు బాబూ. నా పెళ్ళికి మా అమ్మ పెట్టింది. ఈ అరుగు మీదే చేయించింది, ఇరవై రెండని చెప్పింది. ఆచారిగారు చూసి ఒక్క మాటంటే షావుకారు కాదనలేడు."

అలవాటు కొద్దీ కుర్రాడి చెయ్యి రాయి అందుకుంది. గీత గీశాడు. పక్కన ఇరవై రెండు పుల్లతో ఇంకో గీత గీశాడు. మధ్యాహ్నపు వెలుతురులో రెండు గీతలూ కవలపిల్లల్లా ఉన్నాయి. ఆసిడ్ చుక్క వేశాడు. గీత అలాగే ఉంది.

చెప్పబోయాడు. అప్పుడే రాత్రిళ్ళ ప్రశ్న లేచి నాలుక పట్టుకుంది. కనబడుతోంది, సరే. కనబడినంత మాత్రాన ఉన్నట్టా? నా కన్నుకి హామీ ఎవరు? తెలియనిదాన్ని తెలుసునని చెప్పడం మోసం కాదా? ఆ క్షణాన తను చాలా నిజాయితీగా ఉన్నాననుకున్నాడు.

"ఖచ్చితంగా చెప్పలేనమ్మా."

"చెప్పలేనంత కల్తీ ఉందా బాబూ?"

"అది కాదమ్మా. అసలు ఎవరూ చెప్పలేరు. ఈ రాయి నిజం చెబుతోందని మనకెలా తెలుసు?"

ఆవిడ మర్యాదగా విన్నది. చదువుకున్న కుర్రాడు, నొప్పించకుండా చెబుతున్నాడనుకుంది. తాడు మళ్ళీ కొంగున ముడేసుకుని మెట్లు దిగింది.

మూడోరోజు సాయంత్రం కంటికి కట్టుతో తాత వచ్చారు. బస్సు దిగినచోటే సంగతి తెలిసింది. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నారు.

"ఆ నానుతాడు పద్నాలుగు లెక్కన అమ్ముకుందట. మూడోవంతుకి పైగా పోయింది. నువ్వు చూశావా?"

"చూశాను. కానీ చెప్పలేదు. తెలుసని ఎలా చెప్పను తాతయ్యా?"

"చేపలవాడి దగ్గర పళ్ళాలు మార్పించావట."

కుర్రాడు మాట్లాడలేదు.

"నీ దగ్గర అంతకన్నా మంచి తక్కెడేమైనా ఉందా ఆ రోజు?"

"లేదు."

"మరి ఆ తక్కెడ తప్పని ఎలా పట్టావు? నిజమైన తక్కెడ చేతిలో లేకుండానే దొంగ తక్కెడని పట్టావుగా. నీ చేపల దగ్గర పనికొచ్చిన తెలివి ఆవిడ బంగారం దగ్గర ఎందుకు పనికిరాలేదు?"

కుర్రాడి గొంతు పూడుకుపోయింది. "నా బుర్ర అలా తయారైంది తాతయ్యా. చదివినవన్నీ అలా తయారుచేశాయి. అన్నిటికీ కారణాలున్నాయి. అందులో నా తప్పేముంది?"

"షావుకారు మీద కోపమొచ్చిందా?"

"ఒళ్ళు మండిపోతోంది."

"అతనికీ కారణాలుంటాయి. వాళ్ళ నాన్న అలాగే చేశాడు, వాళ్ళ తాత అలాగే చేశాడు. అతని మీద మండి, నీ దగ్గరికొచ్చేసరికి ఎందుకు చల్లారింది?"

తాత గొంతు పెంచలేదు. గురివింద గింజ తన నలుపెరగదనే సామెత ఆయన నోటిదాకా వచ్చే ఉంటుంది. అనలేదు.

కుర్రాడు షావుకారు కొట్టుకి పరిగెత్తాడు. తాడు కరిగించేశారు. "మీ అరుగు మీదే తేల్చలేకపోయారటగా" అన్నాడు షావుకారు. ఆ మాటే చూపించి, ఆవిడ బేరమాడబోతే నోరు మూయించాడట.

తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. పరీక్షించడానికి ఇప్పుడు తాడు లేదు. ఎదురుగా రాయి ఉంది. రాయి మీద గీతల్ని శనివారం సాయంత్రం మైనంముద్దతో అద్ది తీస్తారు, చిటికెడు బంగారమైనా వృథా పోకూడదని. ఇంకా శనివారం కాలేదు. మూడ్రోజుల కిందట గీసిన రెండు గీతలూ పక్కపక్కన అలాగే ఉన్నాయి. దీపం దగ్గరకి జరిపి చూశాడు. ఆ రోజు కన్ను ఏం చూసిందో ఇప్పుడూ అదే చూసింది.

రాయిని పాతపంచెలో చుట్టుకుని కాలువగట్టు మీద నడిచాడు. చీకటిపడింది. ఆవిడ ఇంటి ముందు దీపం ఉంది. లోపలికి రమ్మంది, మంచినీళ్ళిచ్చింది.

"డబ్బు పోతే పోయింది బాబూ. ఎలాగో తిప్పలు పడతాం. మూడు రాత్రులుగా మా అమ్మ మీద కోపంతో రగిలిపోతున్నాను. పోయి పదేళ్ళయింది ఆవిడ. కల్తీది మెళ్ళో వేసి, మేలిమికి దగ్గరే తల్లీ అని చెప్పి పంపిందే, కూతురితో అబద్ధమాడటానికి నోరెలా వచ్చిందా అని."

కుర్రాడు పంచె విప్పి రాయిని దీపం పక్కన పెట్టాడు. ఏ గీత తాడుదో, ఏది పుల్లదో చూపించాడు. ఆవిడ చాలాసేపు వంగి చూసింది.

"మీ అమ్మగారు నిజమే చెప్పారమ్మా. ఇరవై రెండే. ఆ రోజు నేను చూశాను, చూసి చెప్పలేదు."

ఆవిడ ఏడ్చింది. అతను తలొంచుకుని కూర్చున్నాడు. తేడా డబ్బు నెలనెలా తన మజూరీలోంచి తీరుస్తానన్నాడు. ఆవిడ వద్దంది. అయినా తీర్చాడు, రెండేళ్ళు పట్టింది.

లేచేముందు ఆవిడ అడిగింది. "ఆ గీత అలా ఉంచేస్తావా బాబూ?"

"తుడవాలమ్మా. రేపు ఇంకెవరో వస్తారు."

నీతి

ఆ కుర్రాడి ప్రశ్న తేలికైందని ఎవరైనా అంటే నేనొప్పుకోను. విగ్రహవ్యావర్తనిలో నాగార్జునుడు అడిగింది అదే. వస్తువులున్నాయని ప్రమాణాల వల్ల తెలుస్తుందంటున్నారు, ఆ ప్రమాణాలు సరైనవని దేనివల్ల తెలుస్తుంది? ఇంకో ప్రమాణం వల్లనంటే దానికి మరొకటి కావాలి, ఆ వరసకి అంతుండదు. ప్రమాణానికి ప్రమాణం అక్కర్లేదంటే, మిగతా వాటికి మాత్రం ఎందుకు కావాలి? శాతవాహన రాజుకి లేఖ రాసినవాడిగా, నాగార్జునకొండతో ముడిపడినవాడిగా సంప్రదాయం ఆయన్ని మన కృష్ణ ఒడ్డునే తలుచుకుంటుంది. కథలోని కుర్రాడి ఊరి పక్క బందరు కాలువలోకి వచ్చేవీ ఆ నీళ్ళే. అందుకే ఈ కథని అక్కడ పెట్టాను.

ఇలాంటి ఆక్షేపణకే న్యాయసూత్రాలు తక్కెడని చూపించి జవాబు చెబుతాయి. వాత్స్యాయనుడి భాష్యం దాన్ని విప్పుతుంది. తక్కెడతో బంగారం బరువు తెలుసుకుంటాం, అప్పుడు తక్కెడ ప్రమాణం. బరువు తెలిసిన ఆ బంగారంతోనే ఇంకో తక్కెడని పరీక్షిస్తాం. ఇప్పుడు బంగారం ప్రమాణమైంది, తక్కెడ పరీక్షకి నిలబడింది. ఎవరికీ శాశ్వతంగా సింహాసనం లేదు. ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్ళు పళ్ళెంలోకి ఎక్కాలి. చదువుకునే రోజుల్లో ఈ జవాబు నాకు చాలా పేలవంగా అనిపించింది. కింద గట్టి నేల చూపించమంటే, ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసి నిలబడ్డవాళ్ళని చూపిస్తున్నారేమిటి అనుకున్నాను.

నా మనసు మార్చింది శాస్త్రగ్రంథం కాదు, ఒక లోహపు ముక్క. 1889 నుంచి 2019 దాకా కిలోగ్రాము అంటే పారిస్ పక్కన సెవ్ర్‌లో గాజు గంటల కింద పెట్టిన ప్లాటినం-ఇరిడియం స్తూపం. ఎత్తు 39 మిల్లీమీటర్లు, అడ్డం కూడా అంతే. ప్రపంచంలో ఏ తూకమైనా చివరికి దాని దగ్గరికే చేరాల్సి ఉండేది. మన దేశానికి వచ్చిన నకలు 57వ నంబరుది, ఢిల్లీలో జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఉంది. ఆ సెవ్ర్ స్తూపం తప్పు తూగడం అనేది అప్పట్లో మాటల్లోనే కుదిరేది కాదు, ఎందుకంటే అది ఎంత తూగితే అదే కిలో. కుర్రాడు వెతికిన గీటురాళ్ళ గీటురాయి ఏదైనా ఉంటే అదే. అయినా దాన్ని అనుమానించారు. దాంతోపాటు తయారైన తోటి స్తూపాలని ఏళ్ళ ఎడంతో తెచ్చి పక్కన పెట్టి తూస్తే, నూరేళ్ళలో వాటికీ దీనికీ సుమారు 50 మైక్రోగ్రాముల తేడా వచ్చింది. వేలిముద్ర జిడ్డంత. ఎవరు తగ్గారో, ఎవరు పెరిగారో తేల్చే దారి లేదు. కానీ ఎవరో కదిలారని తెలిసిపోయింది.

నిజం చేతిలో లేకుండానే అబద్ధాన్ని పట్టుకోవచ్చు. పళ్ళాలు మార్పించిన ఆ కుర్రాడికి తెలిసిన సంగతే ఇది. ఆ శాస్త్రవేత్తలు చేతులెత్తేసి, తూకమంతా భ్రమ అనలేదు. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు దారుల్లో కొలిచారు. ఒకటి విద్యుత్ బలంతో బరువుని సరితూచే కిబుల్ తక్కెడ, రెండోది దాదాపు నిర్దోషంగా చెక్కిన సిలికాన్ గోళంలో పరమాణువుల లెక్క. ఆ రెండూ ఒకే అంకె దగ్గర కలిసేదాకా ఆగారు. 2019 మే 20 నుంచి కిలోగ్రాముని ప్లాంక్ స్థిరాంకంతో నిర్వచిస్తున్నారు. రాయి ఒకటి చెబుతుంది, ఆసిడ్ ఒకటి చెబుతుంది, ఆకురాయి గాటు ఒకటి చెబుతుంది, నిప్పు ఒకటి చెబుతుంది. నలుగురూ ఒకే మాట చెబితే ఆ మాటని నమ్మడం గుడ్డి నమ్మకం కాదు. రేపు అయిదోవాడు వచ్చి కాదంటే మళ్ళీ కూర్చుంటాం. శాంతరక్షితుడి తత్త్వసంగ్రహంలో బుద్ధుడి మాటగా ఇదే వస్తుంది. కాల్చి, కోసి, గీసి బంగారాన్ని చూసినట్టు నా మాటని చూడండి, నా మీద గౌరవం కొద్దీ తీసుకోకండి అని. ఆ మూడూ కంసాలి పనులే. అడిగేవాణ్ణి ఆయన ఆపలేదు, పనిముట్లు చేతికిచ్చాడు.

ఇక కుర్రాడు ఎక్కడ జారాడు? మిథిలకి చెందిన గంగేశుడు తత్త్వచింతామణిలో సందేహపడేవాడి నోటిని వదిలేసి చేతుల్ని చూడమంటాడు. పొగ కావలసినప్పుడు వాడు నిప్పు రాజేస్తున్నాడా? ఆకలైతే అన్నం దగ్గరికే వెళ్తున్నాడా? తన సందేహాన్ని ఎదుటివాడికి చెప్పడానికి మాటలే వాడుతున్నాడా? అలాగైతే ఆ సందేహం నోటిదాకానే ఉంది. అంతకుముందే శ్రీహర్షుడు ఇలాంటి వాదాన్ని గట్టిగా ఖండించాడు, పండితుల మధ్య ఆ తగువు తెగింది లేదు. తెగకపోయినా నాకు పనికొచ్చే భాగం అందులో ఉంది. కుర్రాడి సందేహం తన చేపల దగ్గర నిద్రపోయింది, పరాయి మనిషి బంగారం దగ్గర మేలుకుంది. సొంత నష్టం వచ్చేచోట కనబడకుండా పోయి, ఇంకొకరి నష్టం దగ్గర నిజాయితీ వేషం కట్టే సందేహాన్ని నేను నమ్మను. అది తత్వచింతన అని కూడా అనను.

ఇంకో సంగతి ఉంది, నాకు ఇదే ఎక్కువ బాధ కలిగిస్తుంది. తను ఏమీ చెప్పలేదు కాబట్టి ఏ పక్కకీ వాలలేదని కుర్రాడు అనుకున్నాడు. అతను వదిలేసిన చోట ఖాళీ ఒక్కరోజు కూడా నిలవలేదు. షావుకారు రాయి అక్కడికి వచ్చి కూర్చుంది. ఆవిడ చెవికి 'చెప్పలేను' అనే మాట 'కల్తీ' అనే వినబడింది. చచ్చిపోయిన తల్లి అబద్ధాలకోరు అయిపోయింది. నిజమనేది లేదు, ఎవరి నిజం వాళ్ళది అనే మాట ఈ రోజుల్లో చాలా ఉదారంగా వినబడుతోంది. దాని ఖర్చు ఎవరు కడుతున్నారో చూడండి. తక్కెడ చేతిలో ఉన్నవాడికి నిజం లేకపోయినా రోజు గడుస్తుంది. కొంగున ముడేసుకుని వచ్చిన మనిషికి గడవదు.

స్వేచ్ఛ సంగతి నేను తేల్చలేను. కారణాలు లేవని తాతగారు కూడా అనలేదు. పుట్టిన ఇల్లు, చదివిన పుస్తకాలు, చూసి నేర్చుకున్న బుద్ధి, అన్నీ మనిషిని నెడతాయి. 1962లో పీటర్ స్ట్రాసన్ స్వేచ్ఛ గురించి, కోపం గురించి రాసిన వ్యాసం చదివినప్పుడు నాకు ఈ తాత మాట్లాడినట్టే అనిపించింది. మనల్ని మోసం చేసినవాడి మీద వచ్చే కోపం, మేలు చేసినవాడి మీద పుట్టే కృతజ్ఞత, ఇవి సిద్ధాంతం చదివి తీసి పక్కన పెట్టగలిగినవి కావు. మనుషులుగా ఒకరితో ఒకరం బతకడంలోనే అల్లుకుని ఉన్నాయి. షావుకారుని మనిషిగా లెక్కేసి కోప్పడినవాడు తనని తాను గాలికి కొట్టుకుపోయే ఆకుగా లెక్కేసుకుంటే పొత్తు కుదరదు. కాలువగట్టు మీద ఆ చీకట్లో నడిచిన కుర్రాడి పాదాలకీ కారణాలుండే ఉంటాయి. ఆ గుమ్మంలో 'చూసి చెప్పలేదు' అన్నప్పుడు మాత్రం అతను ఆ కారణాలని పిలిచి సాక్ష్యం చెప్పించలేదు. నాకు తెలిసిన స్వేచ్ఛ అంత చిన్నది. చిన్నదైనా ఉంది.

విలువ గురించి కుర్రాడన్న దాంట్లో సగం నిజం. బంగారం ధర మనుషుల ఒప్పందమే, కరువులో నూకలే గెలుస్తాయి. కానీ ఆవిడ మూడు రాత్రులు నిద్రపోనిది ధర కోసం కాదుగా. అమ్మ మాట నిజమా కాదా అని. ఊళ్ళో అందరూ కలిసి ఏం ఒప్పుకున్నా, ఏం కాదన్నా ఆ ప్రశ్న బరువు రవ్వంత కూడా తగ్గదు.

ఇదంతా ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఇరవై ఏళ్ళ కిందట నేనొక ఆఫీసులో పనిచేశాను. నగదు లెక్కలో కొంత తగ్గింది. నా పక్క బల్ల దగ్గర కూర్చునే ఆవిడ మీదికి నింద వచ్చింది. అంతకు రెండ్రోజుల ముందు ఆ పుస్తకంలో ఒక అంకె నా కంట పడింది. ఒకటిని ఏడుగా దిద్దారు, సిరా రంగు వేరు, ఆవిడ చేతిరాత కాదు. విచారణలో నన్ను అడిగారు. అప్పుడు నేను రాత్రిళ్ళు తత్వశాస్త్రం చదువుతున్నాను. కంటికి కనబడినదాన్ని ఎంతవరకు నమ్మొచ్చు, జ్ఞాపకం ఎంత మోసం చేస్తుంది అని నోటుపుస్తకాల నిండా రాసుకుంటున్నాను. "ఖచ్చితంగా చెప్పలేను" అన్నాను. ఆ మాటలో అబద్ధం లేదని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. ఆవిడ ఉద్యోగం పోయింది.

కుర్రాడు మూడోరోజే గట్టు మీద నడిచాడు. నాకు ఇరవై ఏళ్ళు పట్టింది. ఈ కథ మొదలుపెట్టిన వారంలో ఆవిడ నంబరు సంపాదించి ఫోన్ చేశాను. పేరు చెబితే గుర్తుపట్టింది. పిల్లలు, ఆరోగ్యం, ఏవో నాలుగు మాటలయ్యాక ఆ అంకె గురించి చెప్పాను, ఏడు, వేరే సిరా.

అటుపక్క చాలాసేపు మాట లేదు. ఫోన్ పెట్టేసిందేమో అనుకున్నాను.

"ఆ రోజు మీరు చూశారా?" అంది.

"చూశానండీ" అన్నాను.